పదిహేడు ఒకట్లు

మా ముత్తాత వెంకటాద్రి రావు గారు ఎనిమిది ఊళ్ళ శిస్తు వసూలు చేసే ఇజారాదారు. ఆయన గుర్రం మీద వస్తుంటే దారిన పోయేవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని పక్కకు నిలబడేవారట. మా తాత కోదండ రామారావు గారు తిరువూరు మునసబు, తాలూకా బోర్డు మెంబరు. ఆయన అరుగు మీద తేలని తగాదాలే కోర్టుకు వెళ్ళేవి. మా నాన్న రాఘవరావు గారి నాటికి పదవి పోయింది, పొలం సగమైంది, నడక మాత్రం మారలేదు. ఇదంతా ముందే ఎందుకు రాస్తున్నానంటే, నేను రాయబోయేది ఒక గర్విష్ఠి గురించి. గర్వం అంటే ఏమిటో ఎరగనివాడు రాశాడని ఎవరూ అనుకోకూడదు.

కిందటి నెల గంపలగూడెంలో ఆ మనిషిని సమాధి చేశారు. పాస్టరుగారు చిన్నవారు. ఆయన్ను మంచాన పడ్డాకే చూసినవారు. "వినయశీలి, మృదుస్వభావి, ఎవరేం చెప్పినా తలవంచి వినేవారు" అని చెప్పారు. వెనక వరసలో నిలబడి విన్నాను. గుప్పెడు మట్టి వేసి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. మనిషి పోతే ఉన్నదేదో పంచుకుంటారు, సరే. ఆయన పొగరు కూడా లాగేసుకుంటారా?

ఆయన తలవంచడం నేను ఒక్కసారీ చూడలేదు. ఆ మాట అచ్చులో ఉండాలని ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. స్కూలుకు కుర్చీ చేయించి ఇచ్చినప్పుడు, వెనకాల దాత పేరు రాయిస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. "కూర్చునేవాడి వీపుకి నా పేరు గుచ్చుకోవడం ఎందుకు?" అన్నారు.

ఆయన తిరువూరు హైస్కూలుకు లెక్కల మాస్టారుగా వచ్చింది డెబ్బైల మొదట్లో. భార్య గంపలగూడెంలో టీచరు. ఆయన శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున్నే దిగేవారు. మిగతా రోజులకు ఒక నీడ కావాలి. మా ఇంటి ముందు వరండా పక్కన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. తాత మునసబుగా కచేరీ నడిపిన గదులు. అడగడానికి వచ్చినప్పుడు నాన్న పడక్కుర్చీలో ఉన్నారు. నేను పక్కన నిలబడి ఉన్నాను.

"ఏ ఊరు మాస్టారూ మీది?" అన్నారు నాన్న.

"గంపలగూడెం అవతలండి. మీ మాగాణిలో మా అమ్మ నాట్లు వేసింది. మా నాన్న మీ దొడ్లో పశువుల్ని చూశాడు."

నాన్న కుర్చీలో కాస్త ముందుకు జరిగారు. "అయితే మనవాళ్ళేగా."

"కాదండి. వాళ్ళు పని చేశారు, మీరు కూలి ఇచ్చారు. అక్కడికి సరి. ఇప్పుడు నేను అద్దె ఇస్తాను, మీరు గదులు ఇస్తారు. ఇదీ సరే."

నిలువెత్తు మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చంకలో మడిచిన గొడుగు. ఆ గొడుగు ఎండకీ వానకీ విప్పగా నేను చూడలేదు. నాన్న ఆయన్ను పైనుంచి కింది దాకా చూసి, "తాళాలు తెచ్చివ్వరా" అన్నారు నాతో.

లోపలికి వెళ్ళాక అమ్మ అంది: "ఆ మాటలు పడి మరీ ఇవ్వాలా గదులు?"

"ఇన్నాళ్ళూ మన ముందు వంగినవాళ్ళంతా పోతూ పోతూ ఏదో ఒకటి పట్టుకుపోయారే. వంగనివాణ్ణి కూడా ఒకణ్ణి పెట్టుకుని చూద్దాం" అన్నారు నాన్న.

ఆయన పద్ధతులు ఊరికి తొందరగానే తెలిశాయి. పరీక్ష తప్పిన కొడుకును వెంటబెట్టుకుని ఒక షావుకారు మామిడిపళ్ళ బుట్టతో వచ్చాడు, నాలుగు మార్కులు కలపమని. ఆయన బుట్ట వంక చూడలేదు. "నేను కలిపితే అవి నా మార్కులవుతాయండి. నేనెప్పుడో పాసయ్యాను, నాకెందుకు?" అన్నారు. చర్చిలో పాస్టరు ప్రసంగిస్తూ లెక్కలేనన్ని నక్షత్రాలు అంటే, బయటికొచ్చాక ఆపి, "లెక్కలేనన్ని కాదండి, ఇంకా ఎవరూ లెక్కపెట్టనన్ని" అన్నారట. ఎవరైనా ఫలానా అట, ఇలా జరిగిందట అంటే ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "మీరు చూశారా?" చూడలేదంటే, ఇక ఆ సంగతి ఆయన చెవిన పడనట్టే.

నేనప్పటికి పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా వంశంలో జీతం పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఈ మాట రాయడానికి సిగ్గుపడను. అప్పట్లో పడేవాణ్ణి. మొదటి రోజు ఆఫీసుకు దొడ్డిదారిన వెళ్ళబోతుంటే ఆయన వరండాలో నుంచి పిలిచారు. "రావుగారూ, వీధి గుమ్మం ఇటుందండి." వీధి గుమ్మంలోంచే వెళ్ళాను.

ఇక, పైన పేరుగా పెట్టిన ఆ సంఖ్య.

వరండాలో తూర్పు వెలుగు పడే గోడ మీద ఒకరోజు బొగ్గుతో నిలువు గీతలు కనిపించాయి. వరసగా పదిహేడు. పక్కనే, గుమ్మానికి దగ్గరగా, పాలగీతలు ఉండేవి. పాలు పోసే నాగమ్మ పూటకో గీత గీసేది. నెల తిరిగాక అమ్మ తడిగుడ్డతో తుడిచేసేది. ఈ కొత్త గీతలేమిటని అడిగాను.

"గీతలు కాదండి. ఒకట్లు. పదిహేడు ఒకట్లు పక్కపక్కన పెడితే వచ్చే సంఖ్య."

"ఎంతవుతుంది?"

"ఎంతైతే ఏం? విరుగుతుందా విరగదా, అదీ కావాల్సింది."

నాకు అర్థం కాలేదని చూసి చెప్పారు. ఐదు ఒకట్లు పెడితే ఆ సంఖ్యను నలభై ఒకటి నిశ్శేషంగా భాగిస్తుంది. ఏడు ఒకట్లను రెండువందల ముప్ఫై తొమ్మిది భాగిస్తుంది. పదకొండు ఒకట్లను విరగ్గొట్టడానికి ఆయన ఇరవై ఒక్క వేలు దాటి వెళ్ళవలసి వచ్చింది. పదమూడు ఒకట్లు యాభై మూడుకే లొంగాయి. "పదిహేడే మొండికేసిందండి. చిన్నాచితకా వాటికి లొంగలేదు. లొంగదో, లొంగేచోటి దాకా నేనింకా పోలేదో తెలీదు."

"పుస్తకాల్లో ఉండదా?"

"ఉంటే అది పుస్తకం రాసినాయన లెక్క."

మర్నాటి సాయంత్రం బడి నుంచి వచ్చి గోడ చూసి ఆగిపోయారు. గీతలు పద్ధెనిమిది ఉన్నాయి. నాగమ్మ పాల లెక్కలో తన గీత ఎక్కడ పెట్టాలో తికమకపడి ఆయన వరసలో పెట్టేసింది. మర్నాడు పొద్దున్న ఆయన గుమ్మంలోనే నిలబడి ఆమెను పట్టుకున్నారు.

"ఏం నాగమ్మా, నా సంఖ్యను పాడుచేశావు."

"నేనేం చేశానయ్యా? ఒక్క గీతేగా పెట్టింది."

"ఆ ఒక్కదానికే నాశనమైంది. పద్ధెనిమిది మందిని మూడేసి మంది చొప్పున నిలబెట్టొచ్చా లేదా?"

"నిలబెట్టొచ్చు."

"రెండేసి? ఆరేసి? తొమ్మిదేసి?"

"ఎట్టాగైనా నిలబెట్టొచ్చు."

"అందుకే పద్ధెనిమిది ఒకట్లు వట్టి పిరికి సంఖ్య. ముట్టుకోకముందే మూడుతో విరుగుతుంది. పదిహేడు మందిని నిలబెట్టు చూద్దాం, ఎవరూ మిగలకుండా."

నాగమ్మ పాలచెంబు ఎత్తుకుంది. "ఒక్కణ్ణి ఇంటికి పంపేస్తే సరి" అంది.

ఆ జవాబుకు ఆయన పెద్దగా నవ్వారు. తరవాత అదనపు గీత తుడిచి, తన పదిహేడింటి చుట్టూ బొగ్గుతో ఒక గడి గీశారు. "ఇక ఎవరూ కలపలేరు" అన్నారు. ఆ గడి చూసుకుని ఆయన మురిసిపోయారు. కలిపేవాళ్ళ సంగతే చూసుకున్నారు.

పని చేసే తీరు ఇలా ఉండేది. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత, గోడకు ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చునేవారు. ఒళ్ళో పెద్ద రాతిపలక. పలక నెత్తిన భాజకం, దాని కింద భాగహారం. ప్రతిసారీ కిందికి దించవలసింది ఒకటే కాబట్టి, సంఖ్యను పలక మీద రాసుకునేవారు కాదు. ఒకసారి దించగానే కళ్ళు గోడ మీద ఒక గీత ముందుకు జరిగేవి. గడిలో చివరి గీత దించేశాక శేషం చూసుకుని, పలక తుడిచేసేవారు. మళ్ళీ ఇంకో భాజకం. దొరికిన ప్రతి సంఖ్యతోనూ భాగించక్కర్లేదట. దీన్ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని ముప్ఫై నాలుగుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలట. "మిగతావాళ్ళందర్నీ గుమ్మంలోనే ఆపేశాను" అనేవారు. అలా ఆపినా ఇంకా వేలమంది మిగిలారు. చిన్నవాటి నుంచి వరసగా పైకి పోవాలి. వేలు, పదివేలు, లక్ష.

అప్పట్లో తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు మధ్యాహ్నభోజనం మా ఇంట్లోనే. తాత నాటి ఆనవాయితీ. పొలం పోయినా దాన్ని పోనివ్వలేదు. రేపటికి లేకపోయినా సరే, ఆ పూట అమ్మ ఐదు రకాలు వండేది. అలా వచ్చిన ఒక విద్యాశాఖ ఆఫీసరు లెక్కల్లో ఎమ్మెస్సీ. భోంచేసి వరండాలోకి వచ్చి గోడ చూసి, సంగతి కనుక్కున్నారు.

"మాస్టారూ, ఈ లెక్క ఎప్పుడో తేలిపోయిందండి. మా యూనివర్సిటీ లైబ్రరీలో పెద్ద పుస్తకం ఉంది, అందులో ఇలాంటివన్నీ ఉన్నాయి. చూసి చెబుతాను."

"వద్దండి."

"అదేంటి? వృథా శ్రమ కదా."

"మీకిప్పుడు భోజనమైంది. మీరు తిన్నారని నా కడుపు నిండుతుందా అండి?"

ఆఫీసరు నవ్వబోయి మానేశారు. "లోకమంతా ఒప్పుకున్న విషయాన్ని మళ్ళీ మొదటినుంచి చూసుకుంటూ కూర్చుంటారా?"

"లోకం సంగతి నాకు తెలీదండి. నేను చూడలేదు."

వెళ్ళేటప్పుడు ఆఫీసరు నాతో, "మనిషికి కాస్త తల బిరుసు" అన్నారు. ఆ మాట అంతకుముందు ఆ వరండాలో మా తాతను గురించి కూడా అన్నారని విన్నాను.

మరుసటి ఏడు ఆ ఆఫీసరే మళ్ళీ వచ్చారు. అప్పటికి నాన్న పోయారు. భోజనం అయ్యాక పెరట్లో చేతుల మీద నేను నీళ్ళు పోస్తున్నాను. ఆయన చేతులు రుద్దుకుంటూ, మామూలు కబురు చెప్పినట్టు చెప్పారు.

"మీ మాస్టారి సంఖ్య విరుగుతుందండి. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు. పుస్తకంలో చూశాను. ఇంకా ఎన్నాళ్ళు తవ్వుతాడా బండని? మీరైనా చెప్పండి."

చెంబు కింద పెట్టేలోపు ఆ సంఖ్య నా తలలో కూర్చుంది. వద్దన్నా దిగలేదు. పొలాల సర్వే నంబర్లు మరిచిపోయాను, చదివిన పద్యాలు మరిచిపోయాను. అది మాత్రం ఈనాటికీ అలాగే ఉంది.

చెప్పలేదు. మాస్టారు వద్దన్నది నా ఎదటే. మా ఇంట్లో వద్దన్నవాడికి వడ్డించే అలవాటు లేదు.

కానీ తెలిసి ఊరుకోవడం తేలికని ఎవరూ అనుకోవద్దు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పలక నెత్తిన ఉన్న భాజకాన్ని ఓరగా చూసేవాణ్ణి. ఐదు లక్షల దగ్గర ఉన్నారు. ఎనిమిది. పన్నెండు. ఒక్కోసారి విసిగిపోయి బలపం నేలకేసి కొట్టేవారు. "ఇది విరగదేమోనండి. ఊరికే నా ఆయుష్షు భాగిస్తున్నానేమో" అన్నారొకసారి. నోటిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి లోపలికి వెళ్ళాను. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది. కళ్ళజోడు అద్దాలు రెండుసార్లు మారాయి. ఆ సంఖ్యను ఈ వరండాలో, తన చేత్తో విరగ్గొట్టి వెళతారా లేదా అన్నది ఆయనకెంత పట్టిందో నాకూ అంతే పట్టింది. మా ఇంట్లోంచి ప్రతివాడూ ఏదో ఒకటి చేతగాక వెళ్ళడం చూశాను. ఈయనైనా అయిందనిపించుకుని వెళ్ళాలని ఉండేది.

ఇరవై లక్షలు దాటాయి. అదే సమయానికి భూమి వ్యవహారం మీద నేను బెజవాడ వెళ్ళవలసి వచ్చింది. వారం ఉండిపోయాను. సీలింగు చట్టం కింద పోగా మిగిలిన పొలం చెక్క మాదేనని రుజువు చేసుకోవడం; అంతకుమించి రాయదగిన సంగతి కాదు. తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. బస్సు దిగి, చేతిసంచీతోనే వరండా మెట్లెక్కాను. ఆయన స్టూలు మీదున్నారు.

"రండి రావుగారూ. పనయిందా?"

"కొంత అయింది. మీదెంతదాకా వచ్చింది మాస్టారూ?"

"ఇరవై లక్షల ఎనభై వేలు దాటాను."

సంచీ కింద పెట్టాను. అంతే చేశాను. కానీ ఆయన బలపం ఆగింది. కళ్ళజోడు తీసి నావంక చూశారు.

"ఏమండీ?"

"ఏం లేదు."

"మీకు తెలుసు" అన్నారు. "ఆ ఆఫీసరు చెప్పాడు. ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

"మూడేళ్ళు." ఆ మాట తనలో తాను ఇంకోసారి అనుకున్నారు. "చెప్పలేదు మీరు."

"మీరు వద్దన్నారు."

"ఇప్పుడు మాత్రం చెప్పేశారు. నోటితో కాదనుకోండి. దాటిపోయాను కదూ? ఎక్కడో తప్పు చేశాను."

నేను గోడవంక చూస్తూ నిలబడ్డాను. ఆయన లేచి, పలకను గోడకు చేరవేసి, వరండా అంచు దాకా నడిచి వెనక్కి వచ్చారు.

"ఇంకొక్క మాట కూడా అనకండి. మీ మొహం చూశాను కాబట్టి, ఇప్పుడు నేను వెనక్కి నాలుగడుగులు వేసి వెతికితే దొరికేస్తుంది. దొరికితే అది మీ మొహం చేసిన లెక్క. నాకొద్దు. మొదట్నుంచి చేస్తాను."

"మాస్టారూ, ఏళ్ళు పట్టింది."

"పడితే పట్టింది. ఏళ్ళు నావి."

"రిటైరయ్యేలోపు కాకపోతే?"

"కాకపోతే కాలేదంటాను. అయిందని మాత్రం అనను." పలక తీసుకుని, శుభ్రంగా తుడిచి, నెత్తిన నూట మూడు రాశారు. ముప్ఫై నాలుగు మూళ్ళు నూట రెండు, ఒకటి కలిపితే నూట మూడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టనిచ్చినవాళ్ళలో మొదటిది అదే.

తెల్లారి అమ్మ నన్ను అడిగింది. "ఏంట్రా, మాస్టారు మళ్ళీ చిన్న లెక్కల్లో పడ్డాడు? మతిగాని తప్పిందా?"

"లేదమ్మా, కుదిరింది" అన్నాను.

రెండోసారి చెయ్యి బాగా తిరిగింది. తొందరగా నడిచింది. అయినా రెండేళ్ళకు పైన పట్టింది. ఆ రెండేళ్ళలో మా ఇంటి చుట్టూ దళారులు తిరగడం మొదలైంది. రెడ్డిగూడెం దగ్గరి మామిడితోట అప్పటికే పోయింది. మా మేనమామ వారం వారం వచ్చి ఎవరో ఒక బేరగాణ్ణి వరండాలో కూర్చోబెట్టేవాడు. "ఎప్పటికైనా తప్పదురా. అందరికీ తెలిసిందే. ఆ సంతకమేదో పెట్టేస్తే నేను చూసుకుంటాను" అనేవాడు. ఒకరోజు అతను వెళ్ళాక మాస్టారు పలక మీంచి తల ఎత్తకుండానే అన్నారు:

"ఇల్లు అమ్మవలసి వస్తే అమ్మండి రావుగారూ. అందులో తప్పు లేదు. కానీ మీరే అమ్మండి. వాళ్ళు అమ్మించారు అనిపించుకోకండి."

"అమ్మక తప్పదని అందరూ చెబుతున్నారు."

"అందరూ చెబుతున్నారు సరే. మీరు లెక్క చూసుకున్నారా?"

చూసుకోలేదు. ఆ రోజు నుంచి చూసుకోవడం మొదలుపెట్టాను. ఇంకొన్నేళ్ళు ఆగవచ్చని తేలింది. మేనమామతో ఆ మాటే చెప్పాను. అతను మళ్ళీ రాలేదు.

డెబ్బైల చివర ఒక ఆదివారం. ఆయన చర్చికి గంపలగూడెం వెళ్ళలేదు. ఆయన మా ఇంట ఉన్న ఇన్నేళ్ళలో అలా జరగడం అదొక్కసారే. ఎండ గోడ మీద పడుతోంది. లోపల వార్తాపత్రిక చూస్తుంటే పిలుపు వినిపించింది.

"రావుగారూ, ఒకసారి ఇలా రండి."

వెళ్ళాను. పలక నెత్తిన ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు ఉంది. నా మొహం ఆయనకు కనపడకుండా గోడవైపు తిరిగాను.

"అటు తిరగక్కర్లేదు. ఇక మీ మొహంతో నాకు పనిలేదు" అన్నారు. "శేషం చూడండి. పద్నాలుగు లక్షల యాభై వేల రెండువందల ఆరు. గడిలో ఇంకా దించాల్సిన గీతలెన్ని?"

"ఒకటి."

"దించండి." బలపం నా చేతికిచ్చారు.

శేషం చివర ఒకటి పెట్టాను. కోటీ నలభై ఐదు లక్షల రెండు వేల అరవై ఒకటి.

"ఎన్నిసార్లు పోతుంది?"

కూర్చుని గుణించాను. "ఏడు."

"తీసెయ్యండి."

తీసేశాను. ఏమీ మిగల్లేదు.

ఆయన అరవలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. పలకను దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూశారు. "ఇదేనా ఆయన చెప్పింది?" అన్నారు.

"ఇదే."

"అయితే ఆయన చెప్పింది నిజమే."

ఇంతలో అమ్మ కాఫీ పట్టుకొచ్చింది. సంగతి చెప్పాను. పదిహేడు గీతల్నీ ఆయన చిట్టచివరికి లొంగదీశారని, మొదటిసారి ఇక్కడే పొరపాటున దాటిపోయారని, అది నేను బెజవాడలో ఉన్న వారంలో జరిగిందని. అమ్మ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"నువ్వు బెజవాడ వెళ్ళిన వారమా? ఆ వారం నాగమ్మతో నాకు పెద్ద గొడవైంది. పాలలో సగం నీళ్ళే. ఇవి పాలా కుడితా అని తిప్పి పంపించేశాను. దాని గీత తుడిచేశాను."

"అయితే?"

"తడిగుడ్డ కదా, మాస్టారి గడిలో చివరి గీత కూడా పోయింది. నేను చూసుకోలేదు. నాలుగు రోజులకు కనబడింది. ఆయన చూస్తే రెండేసి మూడేసి అని నాకూ పాఠం చెబుతాడని, నేనే బొగ్గు తెచ్చి మళ్ళీ గీశాను. అచ్చం అలాగే గీశాను కదా మాస్టారూ? మీరు పోల్చుకోలేదు."

ఆయన పలక మీది శేషం వంక చూస్తున్నారు. ఆ నాలుగు రోజులూ గడిలో పదహారే ఉన్నాయి. ఆయన ఈ భాజకం దగ్గరికి వచ్చారు, భాగించారు, ఒక్క గీత ముందు ఆగిపోయి, పలక తుడిచేసి ముందుకు వెళ్ళారు.

"నేనేం చేశాను? నా గీత నేను చెరుపుకున్నాను" అంది అమ్మ, గడ్డం పైకెత్తి. మా అమ్మ కూడా క్షమాపణ అడగడం నేను చూడలేదు.

"నిజమేనండి అమ్మగారూ. గోడ మీ సొత్తు. తప్పు నాది. నా చేత్తో గీశాను కదా అని మళ్ళీ లెక్కపెట్టలేదు. ఊళ్ళో అందర్నీ మీరు చూశారా అని అడిగాను. నేను చూడలేదు." అప్పుడు నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేటంత నవ్వారు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరుకు కబురు పంపుదామా అని అడిగాను. "ఎందుకు? ఆయనకు ముందే తెలుసుగా" అన్నారు. హెడ్మాస్టరుకు? "ఆయనకు అక్కర్లేదుగా." కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, బొగ్గు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళారు. గడి కుడి అంచు తుడిచేశారు. ఇంకో రెండు గీతలు కలిపి, మళ్ళీ మూశారు. మొదటినుంచి వేలుపెట్టి లెక్కపెట్టుకున్నారు.

"పంతొమ్మిది" అన్నారు. "ఇది ఇంకా పెద్ద మొండిది."

పంతొమ్మిది ఒకట్లు ఏ సంఖ్యకూ విరగవని చాలా ఏళ్ళ తర్వాత ఒక లెక్చరరు ద్వారా తెలిసింది. ఎవరూ విరగ్గొట్టలేరు. అప్పటికి ఆయన రిటైరై గంపలగూడెంలో ఉన్నారు. నేను చూడబోయినప్పుడల్లా పలక ఒళ్ళోనే ఉండేది. చెప్పలేదు. ఈసారి గోడవైపు తిరగవలసిన అవసరం కూడా రాలేదు. నా మొహం మామూలుగానే ఉంచగలిగాను. మంచాన పడ్డాక కూడా ఆయన దాన్ని భాగిస్తూనే ఉన్నారు. అది ఆయనకు లొంగలేదు, ఆయన దానికి లొంగలేదు. పాస్టరుగారు తలవంచడం అనుకున్నది, పలక మీదికి వంగిన తలను చూసి అయ్యుంటుంది.

ఆయన ఖాళీ చేశాక ఆ గదులు ఎవరికీ అద్దెకివ్వలేదు. అమ్మ పోయిన మరుసటి ఏడు, లెక్క చూసుకున్నాను. ఆ ఇంటిని, వరండాతోనూ కచేరీ గదులతోనూ కలిపి, విస్సన్నపేట మామిడి వ్యాపారికి నేనే అమ్మాను.